కువైటుకి కాదమ్మా, బడికి

మా వాడలో పాస్‌పోర్టు అంటే ఒకటే అర్థం. కువైటు. అప్పు తలకు మించినప్పుడు, ఆడపిల్ల పెళ్ళి ముంచుకొచ్చినప్పుడు, మొగుడు మంచాన పడ్డప్పుడు తీయించుకునే పుస్తకం అది. ఏజెంటు వస్తాడు. ఫోటోలు తీయిస్తాడు. మా అక్కలు, పిన్నమ్మలు విమానమెక్కి షేకుల ఇళ్ళల్లో అంట్లు తోమటానికి, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకోటానికి పోతారు. కడప జిల్లాలో, గోదావరి జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. మా ఒంగోలు వైపు కాస్త తక్కువ. అంతే తేడా. పదో తరగతి దాటని వాళ్ళ పాస్‌పోర్టు మీద 'ఇ.సి.ఆర్.' అని పడుతుంది. వలస అధికారి అనుమతి లేకుండా గల్ఫుకు కూలికి పోకూడదని దానర్థం. చదువు లేదన్న సంగతి మనవాళ్ళ పాస్‌పోర్టు మీద కూడా అచ్చేసి ఉంటుంది.

అట్లాంటి వాడలో, హైదరాబాదులో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్న పిల్ల ఒకతి సెలవులకొచ్చి పాస్‌పోర్టుకి 1500 రూపాయలు కట్టొచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజు వాళ్ళమ్మ కూలికి పోలేదు. గడప మీద కూచుంది. "ఏందమ్మే, కువైటు పోతన్నావా? ఇందుకేనా నిన్ను చదివిచ్చింది?" అని ఏడ్చింది. "కువైటుకి కాదమ్మా, బడికి" అంటే ఆమెకి అర్థం కాలా. బళ్ళో ఏం పని? ఆయాగానా? వంటకా? పాఠం చెప్పటానికి అంటే అసలు నమ్మలా. తెల్లోళ్ళకి మనం పాఠం చెప్పేదేందని ఆమె అడిగిన మాట మమ్మల్ని పట్టుకుంది. ఈ నాలుగు పేజీలు అందుకే రాస్తున్నాం.

ఆ పిల్ల పోబోయేది హంగేరీ దేశం. ఈశాన్య మూల బోర్షోద్ అనే ప్రాంతం. అక్కడ రోమా పిల్లల కోసం అంబేడ్కర్ పేరు మీద నడుస్తున్న చదువుల్లో మూడు నెలలు ఉచితంగా లెక్కలు చెప్పటానికి. అవును, మన బాబాసాహెబే. హంగేరీలో బాబాసాహెబ్ పేరేమిటని మీరు అడుగుతారని తెలుసు. మేమూ అట్లాగే అడిగాం.

రోమా అంటే ఇంగ్లీషు వాచకాల్లో మనం 'జిప్సీలు' అని చదువుకున్న జనం. వెయ్యేళ్ళ కిందట మన వాయవ్య దిక్కు నుంచి కదిలి యూరపు చేరినవాళ్ళు. వాళ్ళ పాత భాషలో నీళ్ళు పానీ, చెవి కన్, ముక్కు నఖ్, ఒకటి రెండు మూడు అంటే యెక్ దుయ్ త్రిన్. 'రోమ్' అన్న మాట మన డోమ్ కులం పేరు నుంచి వచ్చిందని భాషాశాస్త్రవేత్తలు చాలామంది చెబుతారు. డోమ్ అంటే కాశీ ఘాట్ల మీద శవాలు కాల్చే కులం. రెండో ప్రపంచ యుద్ధంలో యూదులతో పాటు రోమాలని కూడా నాజీలు లక్షల్లో చంపారు. హంగేరియన్ భాషలో వీళ్ళని 'సిగాన్' అంటారు. పలికే నోటిని బట్టి అది పేరూ అవుతుంది, తిట్టూ అవుతుంది. మన కులాల పేర్లకున్న గతే.

బోర్షోద్ ఒకప్పుడు బొగ్గు గనులు, ఉక్కు మిల్లుల సీమ. 1989-90లో పాత ప్రభుత్వం పోయింది. గనులు, మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. ముందుగా వీధినపడ్డది రోమాలు. వాళ్ళ వాడలు ఊరి చివర. వాళ్ళ పిల్లల తరగతి వేరు. కొన్నిచోట్ల బడే వేరు. ఇంకో ఘోరం ఉంది. రోమా పిల్లలకి ఏవో పరీక్షలు పెట్టి 'బుద్ధిమాంద్యం' అని తేల్చి ప్రత్యేక బడుల్లో పడేశారు. చెక్ దేశంలో ఓస్ట్రావా పట్టణానికి చెందిన 18 మంది పిల్లల కేసులో ఇది వివక్ష అని యూరపు మానవ హక్కుల కోర్టు 2007 నవంబరులో తీర్పిచ్చింది. హంగేరీలో ఇట్లాగే మందబుద్ధులన్న ముద్ర వేసిన ఇద్దరు రోమా కుర్రాళ్ళ కేసులో 2013 జనవరిలో మళ్ళీ అదే చెప్పింది. మన బళ్ళల్లో అయ్యవార్లు "మీకు లెక్కలు రావురా, మీ బుర్రకి అవి ఎక్కవురా" అనేవాళ్ళు. వాళ్ళు నోటితో అన్నదాన్ని అక్కడ డాక్టరు సంతకంతో రాసిచ్చారు.

ఈ పరిస్థితిలో ఓర్షోష్ యానోష్ అనే రోమా కార్యకర్తకీ, దెర్దాక్ తిబోర్ అనే సోషియాలజిస్టుకీ పుస్తకాల్లో అంబేడ్కర్ దొరికాడు. (హంగేరీలో కూడా మనకిమల్లే ఇంటిపేరే ముందు. ఓర్షోష్ అన్న ఇంటిపేరు కదురు నుంచి వచ్చింది. అక్కడా పేరు చెబితే పని తెలిసిపోతుంది.) ఆ ఇద్దరూ 2005లోనూ 2007లోనూ మహారాష్ట్ర వచ్చి మన బౌద్ధ దళితుల మధ్య తిరిగారు. తిరిగి పోయి జైభీమ్ పేరుతో ఒక సమాజం పెట్టారు. షాయోకాజ అనే ఊళ్ళో 2007లో అంబేడ్కర్ పేరుతో బడి తెరిచారు. మధ్యలో చదువు మానిన రోమా కుర్రకారుని మెట్రిక్ లాంటి చివరి పరీక్ష దాకా లాక్కురావటం ఆ బడి పని. 2016 ఏప్రిల్ 14న ఆ ఊళ్ళో అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టారు.

ఆ సంవత్సరాన్ని మేము మర్చిపోలేం. అదే ఏడు జనవరి 17న హైదరాబాదులో వేముల రోహిత్ చనిపోయాడు. ఇక్కడ అంబేడ్కర్ పేరుతో సంఘం పెట్టుకున్న కుర్రాళ్ళని వెలివేస్తుంటే అక్కడ చలిదేశంలో ఒక గని ఊరు ఆయన విగ్రహం పెట్టుకుంది.

వాళ్ళకీ తేలిగ్గా జరగలేదు. 2011లో హంగేరీ ప్రభుత్వం మత సంస్థల చట్టం మార్చి చాలా సంస్థల గుర్తింపు తీసేసింది. జైభీమ్ సమాజం గుర్తింపూ పోయింది. దానితో ముడిపడ్డ సర్కారు డబ్బూ పోయింది. ఆ చట్టం హక్కులకి విరుద్ధమని యూరపు కోర్టు 2014లో అన్నది గానీ, కోర్టు మాటకీ బడి గోడకీ మధ్య ఎంత దూరముంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బడి ఈడు 18 ఏళ్ళ దాకా ఉన్నదాన్ని 2012 నుంచి 16కి దించారు. పదహారేళ్ళకే బడి మానేసే పిల్లలు ఎవరి పిల్లలో ఊహించండి.

ఇక మా సంఘంలో జరిగిన గొడవ చెబుతాం.

ఆ పిల్ల పోతానన్న సంగతి ఆదివారం మీటింగులో పెట్టాం. ఇరవైమందిమి ఉన్నాం. మాలో పెద్దవాడు, కారంచేడు శిబిరం నాటి నుంచి తిరిగిన మనిషి, లేచి సూటిగా అడిగాడు. "మన బళ్ళు మూతబడుతుంటే, అక్కడెక్కడో బళ్ళో చెప్పటానికి పోతాదా? మన వాడకి ఏది దారి?" చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ మాట తీసెయ్యదగ్గది కాదు. 2024-25 లెక్కల ప్రకారం దేశంలో లక్షకి పైగా బళ్ళు ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్నాయి. వాటి సంఖ్యలో ఆంధ్రప్రదేశ్‌ది ముందు వరస. ఒకే పంతులు అయిదు తరగతులు చెబుతాడు, అన్నం లెక్క రాస్తాడు, ఎన్నికల డ్యూటీకి పోతాడు. ఆ బళ్ళల్లో ఉన్నది ఎవరి పిల్లలు? కలవాళ్ళ పిల్లలు ఎప్పుడో బస్సెక్కి కాన్వెంటుకి పోయారు. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన మాదిగ పిల్ల ఒక్కతి ఉంటే ఆమెని విమానమెక్కించి పంపటం న్యాయమా?

రెండో అభ్యంతరం ఇంకా పదునైంది. ఈ 'వాలంటీరు' అన్న మాట ఎవరిది? బాగా కలిగినవాళ్ళ పిల్లలు డబ్బు కట్టి పేద దేశానికి పోయి, రెండు వారాలు నల్లపిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగి, ఆ ముక్క అమెరికా కాలేజీ దరఖాస్తులో రాసుకునే వ్యవహారం కదా అది? ఇది పెద్ద వ్యాపారం. కంపెనీలున్నాయి. కంబోడియాలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011 నాటికే తేలింది. సేవ చెయ్యటానికి వచ్చే దొరబిడ్డలకి అనాథలు కావాలి కాబట్టి అనాథల్ని తయారుచేశారు.

మాకది పుస్తకాల్లో చదివి తెలిసిన సంగతి కాదు. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా హాస్టలుకి ఒక చల్లని దేశం నుంచి ఆరుగురు వచ్చారు. మంచివాళ్ళే. వాళ్ళ మీద మాకు కోపం లేదు. మూడు వారాలున్నారు. ఇంగ్లీషు పాట నేర్పారు. చేతులు కడుక్కోవటం నేర్పారు. కొళాయిలో నీళ్ళు రావని వార్డెను చెప్పనీయలేదు, ఆ మూడు వారాలూ ట్యాంకరు తెప్పించాడు. గోడకి పసుపు రంగు వేసి దాని మీద మా అరచేతుల ముద్రలు వేయించారు. ఆగస్టు నుంచి మాకు లెక్కల మాస్టారు లేడు. ఆ సంగతి వాళ్ళు అడగలా, మేము చెప్పలా. ఏ పాఠం కావాలని మమ్మల్ని అడిగినవాడు ఒక్కడూ లేడు. పోతూ పోతూ ఉత్తరాలు రాస్తామన్నారు. మేమందరం మా హాస్టలు అడ్రసు నోటు కాగితాల మీద రాసిచ్చాం. మాలో ఒకడు రెండేళ్ళు పోస్టుమేన్‌ని అడిగాడు. వాడిప్పుడు ఒంగోలు మార్కెట్టు యార్డులో హమాలీ. ఆ పిల్ల టిక్కెట్టుకి వాడు ఇచ్చిన 200 రూపాయలు మా దగ్గరున్నాయి. ఇచ్చేటప్పుడు వాడన్న మాట: "ఉత్తరం రాస్తానని మాత్రం ఎవురికీ చెప్పమాకని చెప్పండి ఆ పిల్లకి. రాసేదైతే రాయమనండి."

ఇన్ని తెలిసీ మేము పోవాలనే అంటున్నాం. ఎందుకో చెబుతాం.

మా ఒంగోలు సీమలో మాదిగలకి అక్షరం ఎట్లా వచ్చింది? 1866లో అమెరికా నుంచి క్లౌ దొర ఒంగోలు వచ్చి మకాం పెట్టాడు. మొదట్లో పైకులాల పిల్లలు కూడా ఆ బడికి వచ్చారు. మాలమాదిగలు లోపలికి రాగానే వాళ్ళు లేచిపోయారు. ఎవరు కావాలో దొర తేల్చుకోవాల్సి వచ్చింది. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మన జనానికి కూలి పెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇది అందరూ చెప్పే కథ. మిషను పుస్తకాల్లో దొర ఫోటో పెద్దగా ఉంటుంది.

కానీ దొర రాకముందే ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తాళ్ళకొండపాడు మాదిగ. చెప్పులు కుట్టే, తోళ్ళ బేరం చేసే మనిషి. అప్పటికే మాదిగల్లో గురువుగా పేరున్నవాడు. కొత్త మాట ఏదో వినపడుతోందని ఊళ్ళు దాటి పోయి విన్నవాడు. తాళ్ళకొండపాడుకి దొరని రప్పించినవాడు. వాడవాడ తిరిగి జనాన్ని కూడగట్టింది పేరయ్య, ఆయన వంటి మాదిగలు. తెలుగు వాడల్లో దొర అడుగుపెట్టింది పేరయ్య భుజం పట్టుకునే. దూరదేశం నుంచి వచ్చిన మనిషి మేలు చెయ్యొచ్చు, కాదనం. ఆ ఊళ్ళో అప్పటికే నిలబడ్డ పేరయ్య ఉంటేనే ఆ మేలు నిలుస్తుంది. హైదరాబాదులో 1910 నుంచి భాగ్యరెడ్డివర్మ ఆదిహిందూ పిల్లలకి బళ్ళు పెట్టుకుంటూ పోయింది ఏ దొర కోసం ఎదురుచూసి కాదు.

బోర్షోద్‌లో పేరయ్యలు ఉన్నారు. బడి వాళ్ళది. తరగతి వాళ్ళది. కొట్లాట వాళ్ళది. మా పిల్ల పోయేది వాళ్ళకి భుజం ఇవ్వటానికి. అందుకే ఆమె ఏ కంపెనీకీ డబ్బు కట్టటంలేదు. "మీకు ఏ పాఠం కావాలి?" అని మొదటి ఉత్తరంలోనే అడిగింది. "లెక్కలు" అని జవాబు వచ్చింది. మా హాస్టల్లో ఎవరూ అడగని ప్రశ్న, మేము చెప్పాలనుకుని చెప్పలేకపోయిన జవాబు. ఆ ఉత్తరం మీటింగులో చదివినప్పుడు మా పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు.

ఇంకో సంగతి. సర్కారు కాగితాల్లో మన పేరేమిటి? లబ్ధిదారుడు. స్కాలర్‌షిప్పు పుచ్చుకునేవాడు, బియ్యం పుచ్చుకునేవాడు, నష్టపరిహారం పుచ్చుకునేవాడు. పద్దు పుస్తకంలో ఎప్పుడూ మనం పుచ్చుకునే వైపే. మనం ఇచ్చింది ఏ పద్దులోనూ ఎక్కదు. ఊరికి చెప్పులిచ్చాం, డప్పిచ్చాం, పంట కోసిచ్చాం, కాటికాడ కాపలా ఇచ్చాం. దాన్ని సేవ అనలేదు, కులధర్మం అన్నారు. అదే కలవాళ్ళ కుర్రాడు మురికివాడలో ఒక పూట చీపురు పడితే పేపర్లో ఫోటో. మాదిగ పిల్ల ఒకతి నేను పాఠం ఇవ్వటానికి పోతున్నానంటే మనలోనే కొందరికి నవ్వెందుకు వస్తోంది? 'పంతులమ్మ' అన్న మాటలోనే పంతులుగారు కూచుని ఉన్నాడు కాబట్టి. లేపాలి ఆయన్ని.

వాళ్ళకీ మనకీ మధ్య వరస నీళ్ళ దగ్గరే కలుస్తుంది. 2013 ఆగస్టులో, మంచి ఎండల్లో, బోర్షోద్‌లోని ఓజ్ద్ పట్టణంలో మునిసిపాలిటీ వీధి పంపులు కట్టేసింది. ఆ పంపుల మీద బతికేది ఎక్కువగా రోమా వాడలు. మహద్ చెరువు 1927. కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలై 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. ఓజ్ద్ పంపు 2013. చంపటంలోనూ పోలిక ఉంది. హంగేరీలో 2008, 2009 సంవత్సరాల్లో వరసపెట్టి రోమా ఇళ్ళ మీద దాడులు చేసి ఆరుగుర్ని చంపారు. తతార్‌సెంత్‌ద్యోర్ద్ అనే ఊళ్ళో ఇంటికి నిప్పుపెట్టి, బయటికి పరిగెత్తిన తండ్రినీ, చిన్న కొడుకునీ కాల్చారు. అక్కడ 2013లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష వేశారు. మన చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపితే, 2007లో కింది కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాబట్టి వాళ్ళకి నేర్పటానికే పోతున్నామనుకోవద్దు. కోర్టులో ఎట్లా నిలబడ్డారో నేర్చుకు రావాలి.

ద్యోంద్యోష్‌పాత అనే ఊళ్ళో బడిలో రోమా పిల్లల్ని ఏళ్ళ తరబడి విడిగా కింది అంతస్తులో కూచోబెట్టారు. ఆ పిల్లలకి నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని 2020 మే నెలలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. "పని చెయ్యకుండా డబ్బు ఎట్లా ఇస్తారు, ఇది న్యాయం కాదు" అన్న అర్థంలో అప్పటి ప్రధానమంత్రి ఓర్బన్ మాట్లాడాడు. మనకి తెలియని గొంతా అది? రిజర్వేషన్ల మీద మన ఊరి కాపుగారు మాట్లాడేదీ అదే గొంతు.

మా పిల్లకి మేము చెప్పిన జాగ్రత్తలు రెండు మూడున్నాయి. వాటిలో ఒకటి అందరూ వినాలి.

2016 ఫిబ్రవరిలో ఢిల్లీలో సర్కారు అండతో అంతర్జాతీయ రోమా సదస్సు పెట్టారు. రోమాలు భారతమాత బిడ్డలన్నారు. వెయ్యేళ్ళ కిందట వెళ్ళిపోయిన మనవాళ్ళు అన్నారు. అప్పటి విదేశాంగ మంత్రి స్వయంగా స్వాగతం పలికింది. బాగుంది. వెయ్యేళ్ళ కిందట వెళ్ళిన డోమ్ బిడ్డ మీద ఇంత ప్రేమ ఉంటే, వెళ్ళకుండా కాశీలో ఉండిపోయిన డోమ్‌ని ఎప్పుడన్నా కౌగిలించుకున్నారా? యూరపులో ఉన్నవాడు అన్నదమ్ముడు, ఊరి చివర ఉన్నవాడు అంటరానివాడు! ఆ ప్రేమ వెనక ఏ జెండా ఉందో మనకి తెలుసు. కాబట్టి అమ్మా, అక్కడికి పోయి 'మనదంతా ఒకే రక్తం, ఒకే సంస్కృతి' అని మాట్లాడొద్దు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది హంగేరియనే. వాళ్ళు హంగేరీ పౌరులు. వాళ్ళ కొట్లాట ఆ దేశంలో సమాన హక్కు కోసం. "మీరు ఇండియావాళ్ళు" అని వాళ్ళని బయటికి నెట్టటానికి అక్కడి ద్వేషగాళ్ళకి మన ప్రేమమాటలే పనికొస్తాయి. వాళ్ళని మనతో కలిపింది రక్తం కాదు, అంబేడ్కర్. వాళ్ళు ఆయన్ని చదివి ఎంచుకున్నారు.

1946లో అంబేడ్కర్ అమెరికాలో నల్లవాళ్ళ నాయకుడు డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ కాపీ పంపమని అడిగాడు. మాది మీది ఒకే జాతి అనలేదు. మీ స్థితీ మా స్థితీ పోలి ఉన్నాయి, మీ కాగితం మాకు పనికొస్తుంది అన్నాడు. 2001లో డర్బన్ సభకి మనవాళ్ళు పోయిందీ ఆ దారినే. అప్పుడు కులం మాట అక్కడ రాకూడదని అడ్డం పడింది మన సర్కారే.

రెండో జాగ్రత్త కులం గురించి. ఇక్కడ దిగిపోయిందని అనుకోవద్దు. విమానంలో పక్క సీటు తెలుగాయన మొదట ఊరు అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు. ఆ తర్వాత మాట్లాడటమో మానటమో. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసుకోవాల్సి వచ్చిందంటే ఆ సరుకు ఎంతదూరం ఎగుమతి అయ్యిందో చూడండి.

మూడోది డబ్బు, కాగితాలు. దీని మీద మేము ఎక్కువ రాస్తాం, ఎందుకంటే ఆశయాలు చెప్పేవాళ్ళు ఇవి చెప్పరు. వీసా ఫీజు 90 యూరోలు. ఆ ఫీజు కన్నా పెద్ద అడ్డం బ్యాంకు కాగితం. గడిచిన నెలల్లో నీ ఖాతాలో ఎంత డబ్బుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చూపించమంటారు. కూలి మనిషి కూతురి ఖాతాలో ఏముంటుంది? ఫెలోషిప్పు పడ్డ నెల ఉంటుంది, పడని నెలలు ఉండదు. మనం చందాలు పోగుచేసి ఒక్కసారి వేస్తే "ఈ డబ్బు ఎక్కడిది?" అని అదో అనుమానం. అందుకని మా సంఘంలో బ్యాంకు గుమస్తా అన్న, ఒక పంచాయతీ ఉద్యోగి అక్క ఇద్దరూ ఖర్చు మాదని కాగితం రాసిచ్చారు, వాళ్ళ జీతం చీటీలు జతచేశారు. టూరిస్టునని చెప్పి వీసా తీసుకుని బళ్ళో నిలబడటం ప్రమాదం. ఏ వీసా మీద ఏ పని చెయ్యొచ్చో బడివాళ్ళతో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. తిరుగు టిక్కెట్టు, జబ్బు చేస్తే ఖర్చుకి ఇన్సూరెన్సు ముందే ఉండాలి. ఇంతా చేసి తిప్పి పంపినా పంపొచ్చు. తిప్పి పంపితే ఫీజు తిరిగి రాదు.

సర్కారు స్కాలర్‌షిప్పులు దీనికి రావు. అవి డిగ్రీలకి. వాటిలోనూ 2022లో కేంద్రం ఒక మెలిక పెట్టింది. విదేశీ స్కాలర్‌షిప్పు తీసుకునేవాడు భారతదేశ చరిత్ర మీద, సంస్కృతి మీద, ఇక్కడి సమాజం మీద పరిశోధన చెయ్యరాదని. 1913లో నెలకి పదకొండున్నర పౌండ్ల చొప్పున బరోడా మహారాజు ఇచ్చిన డబ్బుతో కొలంబియా పోయి అంబేడ్కర్ కులం పుట్టుక మీద వ్యాసం చదివాడు. ఇవాళ దరఖాస్తు పెడితే ఆ అంశం చూసి పక్కన పడేస్తారు.

కాబట్టి డబ్బు మనదే. హమాలీలు, అంగన్‌వాడీ ఆయాలు, ఇద్దరు కండక్టర్లు, ఒక నర్సక్క, కువైటులో ఉన్న ఇద్దరు పిన్నమ్మలు ఇచ్చారు. కువైటు పిన్నమ్మ పంపిన డబ్బుతో స్వెట్టరు, బూట్లు కొన్నాం. వాళ్ళిద్దరి పాస్‌పోర్టులు ఎవరి బీరువాలో ఉన్నాయో మేము రాయం.

ఇక మా పెద్దాయన అడిగినదానికి జవాబు. ఆయన ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టి ఒప్పుకున్నాడు. ఆ షరతు మీటింగు పుస్తకంలో రాసుకున్నాం. సెప్టెంబరులో పోయి నవంబరు ఆఖరికి వస్తుంది. వచ్చినాక ఏడాదిపాటు మన వాడ బళ్ళో సాయంత్రాలు లెక్కలు చెప్పాలి. ఆమె పోయిన మూడు నెలలూ ఆ సాయంత్రాలు మాలో డిగ్రీ చదివినవాళ్ళం ఆరుగురం వంతులేసుకుని చెప్పాలి. పోయిన వారమే మొదలుపెట్టాం. మొదటి రోజు పదకొండుమంది పిల్లలు వచ్చారు. రెండో రోజు నలుగురు. మాకు చెప్పటం రాదని తేలిపోయింది. ఆ పిల్లే కూచుని మాకు నేర్పుతోంది, భిన్నాలు ఎట్లా చెప్పాలో. పోకముందే ఆమెకి పద్ధెనిమిదిమంది శిష్యులు తయారయ్యారు, అందులో ఆరుగురం ముప్ఫయ్యేళ్ళు దాటినవాళ్ళం.

భాష సంగతి. ఆరు నెలలుగా హంగేరియన్ నేర్చుకుంటోంది. నీళ్ళంటే వీజ్. థాంక్సు అంటే కొసొనొమ్. కష్టమైన భాష. అయితే మాట రాకుండా లెక్క చెప్పే దారి ఆమెకి వాళ్ళ నాయనమ్మ చూపించింది. వామనగుంటలు. వరసకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, గుంటకి అయిదు గింజలు. మొత్తం ఎన్ని? ఒక గుంట తీసి పంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతావో ముందే చెప్పగలవా? అదే భాగహారం, అదే శేషం. ఎమ్మెస్సీ పుస్తకంలో ఉన్న లెక్కే అరుగు మీద మట్టిలో ఉంది. మందబుద్ధులని రాసిచ్చిన పిల్లల దగ్గర ముందు ఈ ఆట పెట్టి కూచుంటానంటోంది. ఎవరు ఎవర్ని ఓడిస్తారో చూద్దాం అంటోంది.

వాళ్ళమ్మ రెండు సోలల చింతగింజలు కడిగి ఎండబెట్టింది. విమానంలో గింజలు రానివ్వరేమోనని చెబితే, "గింజలేం జేసినయి వాళ్ళని?" అంటుంది. అక్కడ చిక్కుడు గింజలు దొరుకుతాయట, వాటితో ఆడొచ్చు. అయినా మూట కట్టేసింది.

చదువరులకి ఒక విన్నపం. మీ వాడల్లో ఆడే లెక్కల ఆటలు, పులిమేక, అష్టాచెమ్మా, అచ్చంగిల్లాలు, పేరు ఏదైనా సరే, ఆడే పద్ధతి రాసి, గళ్ళ బొమ్మ గీసి ఆగస్టు పదిహేనులోపు మాకు పంపండి. మీ నాయనమ్మల్ని అడిగి రాయండి. గుంటకి నాలుగు గింజలా అయిదా అని ఇక్కడ ఇంకా తేలలేదు.